వలిసెలు లేవని వేసవి

పక్కింటి పెద్దాయన రెండు వారాలు కూతురి దగ్గరికి వెళ్తూ, తన పిట్టలకు మేత వేయమని నాకొక సంచీ అప్పగించాడు. మా ఆష్‌బర్న్‌లో ఇళ్ళు గోడకు గోడ ఆనుకుని ఉంటాయి గానీ, మనుషులు మాట్లాడుకునేది ఇలాంటి అవసరాలు పడ్డప్పుడే. సరేనన్నాను. మర్నాడు పొద్దున కాఫీ తాగి, సంచీ మూతి విప్పి చెయ్యి పెట్టాను. జీలకర్రంత సన్నటి నల్ల గింజలు వేళ్ళ సందుల్లోంచి జారిపోయాయి. పచ్చి నూనె వాసన ముక్కుకు తగిలింది. ఇంకేముంది, మా ఇంటి వెనక మెట్ల మీదే కూలబడి ఏడ్చాను. మావారు తలుపు తీసి, "ఏమైంది, పిట్ట గానీ చచ్చిపోయిందా?" అని అడిగారు. ఏడుస్తూనే నవ్వొచ్చింది.

అవి వలిసెలు. వెర్రినువ్వులని కూడా అంటారు. మన కొండల్లో పసుపు పచ్చగా పూసి నూనెనిచ్చే పైరు. ఇక్కడ అమెరికాలో పిట్టల మేత. ఆ గింజల విషయంలో మా అమ్మమ్మకు నేనొక అన్యాయం చేశాను. తెలిసి చెయ్యలేదు. తెలిసి చేసి ఉంటే ఈపాటికి ఎవరి కాళ్ళయినా పట్టుకుని క్షమాపణ చెప్పుకునేదాన్ని.

నాకప్పుడు తొమ్మిదేళ్ళు. బెంటన్‌విల్‌లో ఉండేవాళ్ళం. ఆ ఊరంతా ఒక పెద్ద కొట్టు హెడ్డాఫీసు చుట్టూ తిరిగేది. అక్కడ కాంట్రాక్టు మీద పనిచేసే తెలుగువాళ్ళందరూ ఒకే అపార్ట్‌మెంట్ కాంప్లెక్సులో దిగేవాళ్ళు. రెండంతస్తుల పొడుగాటి ఇళ్ళు, మధ్యలో చిన్న స్విమ్మింగ్ పూల్, మెయిల్ బాక్సుల పక్కన ఒక చెక్క బల్ల. సాయంత్రం ఆరయ్యేసరికి ఏ తలుపు ముందు నిలబడ్డా ఇంగువ పోపు వాసన. రోడ్డు మీద కోళ్ళ లారీలు పోతుంటే తెల్లటి ఈకలు ఎగిరొచ్చి మా కిటికీల జాలీలకు అతుక్కునేవి. వేసవి రాగానే అమ్మమ్మలు, నాయనమ్మలు దిగేవాళ్ళు. ఆ చెక్క బల్ల వాళ్ళ సొంతం. చీరల కింద తెల్లటి బూట్లు తొడుక్కుని కూర్చుని, ఎవరి కోడలు ఎన్నింటికి లేస్తుందో లెక్క తేల్చేవాళ్ళు. మేం పిల్లలం బల్ల కిందికి దూరి వాళ్ళ బూట్ల లేసులు ఒకరివి ఒకరికి ముడేసి పారిపోయేవాళ్ళం. ఒకసారి ఒక నాయనమ్మ పడబోయింది. ఆ రోజు మా అమ్మ పెట్టిన చీవాట్లన్నీ అచ్చ తెలుగులో ఉండటం వల్ల నాకు సగమే తగిలాయి.

అసలు సంగతి అదే. నాకు తెలుగు సగమే వచ్చు. రెండేళ్ళ పిల్లగా వచ్చాను ఈ దేశానికి. ఇప్పుడు రాస్తున్న ఈ తెలుగు పెద్దయ్యాక అక్షరం అక్షరం దిద్దుకుని నేర్చుకున్నది. అప్పట్లో అమ్మ తెలుగులో అడిగితే నేను ఇంగ్లీషులో చెప్పేదాన్ని. ఇద్దరికీ అందులో వింతేమీ కనిపించేది కాదు.

ఆ మే నెలలో మా అమ్మమ్మ వచ్చింది. అరకు కొండల కింద ఊరు ఆవిడది. తాతయ్య పోయి ఏడాది దాటింది. పిన్ని దగ్గర ఉంటున్న మనిషిని, ఆరు నెలలు మా దగ్గర ఉంటే మనసు తేలికపడుతుందని అమ్మ పిలిపించింది. ఎయిర్‌పోర్టులో ఆవిడ పెట్టెలో పచ్చళ్ళన్నీ వదిలేశారు గానీ, పాత చీరముక్కలో కట్టిన చిన్న మూట ఒకటి తీసి పక్కన పడేశారు. అందులో గుప్పెడు వలిసెలు. తాతయ్య చేతి ఆఖరి పంట.

"సీడ్స్ అలౌ చెయ్యరు అత్తయ్యా, రూలు," అన్నాడు నాన్న కారులో.

"బంగారం అడిగినా ఇచ్చీదాన్ని బాబూ. గుప్పెడు గింజలు లాగీసుకున్నాడు. ఆడికి అంత ఆకలేసిందేటి?" అంది అమ్మమ్మ. తర్వాత ఇల్లు చేరేదాకా కిటికీలోంచి బయటికి చూస్తూనే ఉంది.

రెండు వారాల తర్వాత శనివారం సరుకులకు వెళ్ళాం. అమ్మా నాన్నా పాలవైపు పోతే, నేనూ అమ్మమ్మా మొక్కల సామాను ఉండే వైపు తిరుగుతున్నాం. అమ్మమ్మ ఒకచోట ఆగిపోయింది. నడుమెత్తు సంచీలు గోడ పొడుగునా పేర్చి ఉన్నాయి. ప్రతి సంచీ మీదా పసుపు పచ్చ పిట్ట బొమ్మ. ఒక సంచీ మూల చిరిగి ఉంటే వేలు పెట్టి రెండు గింజలు లాగి నోట్లో వేసుకుంది. నాకు భయమేసింది, కొట్టువాళ్ళు పట్టుకుంటారని.

"ఇవి వలిసెలు కావేటే గుంటా?" అంది, కొరుకుతూనే. "నా గుప్పెడు లాగీసుకుని, ఇక్కడ బస్తాలకి బస్తాలు పిట్టలకి పోస్తారేటి ఈళ్ళు?"

ఉన్నవాటిలో చిన్న సంచీ చంకన పెట్టుకుని నాకు చూపించింది. "విత్తుకి పట్టుకెల్తన్నాను. దీని మీద ఏటి రాసుందో సదువు."

ఆ ఏడాది క్లాసులో రీడింగ్ బహుమతి నాదే. గొంతు సవరించుకుని చదివాను. అన్నిటికంటే అడుగున, చిన్న అక్షరాల్లో ఉంది, హీట్ ట్రీటెడ్, విల్ నాట్ జెర్మినేట్ అని. ఆ చివరి మాట నాకు తెలియదు. కానీ జెర్మ్స్ తెలుసు. మా స్కూల్లో ప్రతి బాత్‌రూము గోడకీ బొమ్మలుండేవి, చేతులు కడుక్కోండి, జెర్మ్స్ వస్తాయి అని. హీట్ సంగతి ముఖ్యం కాదనిపించి వదిలేశాను.

"బాగా క్లీన్ చేశారంట అమ్మమ్మా. జెర్మ్స్ రావంట," అన్నాను.

"అంటే ఏటి?"

"పురుగులు. చిన్న చిన్నవి."

"పురుగు పట్టని విత్తనమన్న మాట," అని నా తల నిమిరింది. "మంచి మాట చెప్పావు తల్లీ."

ఆ ఒక్క ముక్క, వేడి అన్న ముక్క, చెప్పి ఉంటే చాలు. ఉడుకు తగిలిన గింజ ఎందుకూ పనికిరాదని సేద్యం చేసిన మనిషికి ఎవరూ చెప్పనక్కర్లేదు.

ఇంటికి రాగానే సగం గింజలు స్టీలు డబ్బాలో పోసి విత్తుకని దాచింది. మిగతా సగం ఎండుమిరపకాయలూ వెల్లుల్లీ వేసి వేయించి పొడి కొట్టింది. ఆ వాసనకు పై ఇంటి ఆంటీ కిందికి దిగొచ్చింది. ఆదివారం నాన్న ఆఫీసులో పై హోదాలో ఉండే ఒక అంకుల్ టిఫినుకి వచ్చి, ఇడ్లీల్లోకి ఆ పొడి మూడుసార్లు వేయించుకున్నాడు. ఆయన చేయి కడుక్కుంటుంటే అమ్మకి చెత్తబుట్టలో పిట్ట బొమ్మ సంచీ కనిపించింది.

"అమ్మా, ఆయనకి పిట్టల మేత పెట్టావా?" అంది వంటింట్లో గొంతు తగ్గించి.

"అడిగడిగి ఏయించుకున్నాడు కదే. పిట్టకి మంచిదయింది మనిషికి చెడ్డదేటి?"

అమ్మ ఆ సంచీని ఎవరైనా చూస్తారేమోనని ఉల్లితొక్కల కింద లోపలికంటా కూరేసింది. ఆ అంకుల్ భార్య మర్నాడు ఫోన్ చేసి పొడి ఎలా చేశారని అడిగితే, ఇండియా నుంచి తెచ్చిందని బొంకింది. నేనూ అమ్మమ్మా నోటికి దిండు అడ్డం పెట్టుకుని నవ్వాం. సంచీని కూరేటప్పుడు అమ్మ కళ్ళు ఒక్కసారి ఆ అడుగు లైను మీద పడి ఉంటే ఎంత బావుండేదని ఇప్పటికీ అనుకుంటాను.

మా ఇల్లు కింది అంతస్తు. వెనక సిమెంటు పలక దాటితే వాననీళ్ళ కాలువ దాకా నాలుగడుగుల నేల ఉండేది. జూన్‌లో ఒక పొద్దున అమ్మమ్మ అక్కడ గడ్డి పీకి, అట్లకాడతో మట్టి గుల్ల చేసింది. నేను వలిసెల డబ్బా పట్టుకుని, నేను వేస్తానని గొడవ పెట్టాను.

"తొలి గుప్పెడు నాది. తర్వాత నీది," అంది. అని, డబ్బా ఒళ్ళో పెట్టుకుని సిమెంటు పలక మీద కూర్చుండిపోయింది.

అప్పుడు చెప్పింది నాకు. వాళ్ళ ఊళ్ళో వలిసెలు చల్లే రోజున తొలి గుప్పెడు ఎవరు వేస్తే దాన్ని బట్టే ఆ ఏడు చేనంతా ఉంటుందట. పెళ్ళయి వచ్చిన నాటి నుంచి ముప్పై ఏళ్ళు ఆ తొలి గుప్పెడు అమ్మమ్మదే. ఆవిడ చెయ్యి పడితే గాని ఎవరూ విత్తేవాళ్ళు కాదు.

"మీ తాత పోయాక కూడా బుట్ట పట్టుకొచ్చారు. నా ముందుకి వచ్చి, పక్కకి ఎల్లిపోయింది. మా తోడికోడలి చేతికి ఇచ్చీసారు. ఎవులూ ఏటీ అన్లేదు. అనుంటే తిట్టీదాన్ని." చేతులు వెనక్కీ ముందుకీ తిప్పి చూసుకుంది. "మొగుడు పోయినదాని చెయ్యి పడితే గింజ లేవదంట. ఇక్కడ నన్నెవులు చూస్తారు? రెండాకులు లేస్తే చాలు. పొటో తీసి పట్టుకెల్లి ఆళ్ళకి చూపించీస్తాను. బుట్ట నా చేతికే రావాల మళ్ళీ."

సగం తెలుగు పిల్లనే గానీ అది మాత్రం నాకు పూర్తిగా అర్థమైంది. ఈ సంగతి ఆవిడ అమ్మకు చెప్పలేదు. నాన్నకు చెప్పే ప్రశ్నే లేదు. నాకు చెప్పింది, నాకు అర్థం కాదులే అనుకునే చెప్పి ఉంటుంది.

మూడోనాడు లేవాలి వలిసెలు. మూడోనాడు ఇద్దరం బోర్లా పడుకుని చూశాం. ఏమీ లేదు. అయిదో రోజు, ఎనిమిదో రోజు, పదో రోజు. నేను పాల డబ్బాతో నీళ్ళు పోసీ పోసీ ఆ నేల బురదయింది. పిట్టలు తినేశాయేమో అన్నాను. "మట్టి కప్పాను కదే," అంది. జులైలో మళ్ళీ వేసింది. ఈసారి తలస్నానం చేసి, ఏమీ తినకుండా, ఒక రాయికి పసుపు రాసి దండం పెట్టుకుని వేసింది. అదీ అంతే.

"ఇక్కడి మట్టి వేరమ్మా. వదిలెయ్యి," అంది అమ్మ. నాన్న క్లైమేట్ అన్నాడు. ఇద్దరిదీ ఓదార్పే. ఆవిడ దేని మీద పందెం కాసిందో వాళ్ళకు తెలియదు కదా.

ఆ తర్వాత అమ్మమ్మ వెనక తలుపు తియ్యడం మానేసింది. మెయిల్ బాక్సుల దగ్గరి బల్ల మీద కూర్చున్నా మాట కలిపేది కాదు. శ్రావణంలో పై ఇంటి ఆంటీ వరలక్ష్మీ వ్రతం చేసుకుంటూ, పూలు కట్టిపెట్టమని అడిగితే, "నా చెయ్యి ఎందుకమ్మా," అని లోపలికి వెళ్ళిపోయింది. ఎప్పుడూ నాకు జడ వేసే మనిషి, స్కూలు మొదలైన రోజు దువ్వెన అమ్మ చేతికిచ్చింది. నాకు ఏడుపొచ్చింది. జడ గురించి కాదు.

సెప్టెంబరులో మా టీచరు తడి పేపర్ టవల్లో చిక్కుడుగింజలు చుట్టి, జిప్‌లాక్ సంచీల్లో పెట్టి కిటికీకి అంటించింది. బోర్డు మీద జెర్మినేషన్ అని రాసింది. నేను చెయ్యెత్తి, జెర్మ్స్ గురించా అని అడిగాను. క్లాసంతా నవ్వింది. టీచరు నవ్వకుండా చెప్పింది: గింజ నిద్రలేచి మొక్క కావడం. అప్పుడు ఆ సంచీ అడుగు లైను అక్షరం అక్షరం నా కళ్ళ ముందుకొచ్చింది. పిట్టల మేత గింజల్ని వేడి పెట్టి చంపేస్తారు, ఇక్కడి నేలలో మొలవకుండా. అమ్మమ్మ చేతిలో ఏ దోషమూ లేదు. ఎవరు వేసినా అవి లేవవు.

ఇంటికి పోయే బస్సులో ఆ మాట తెలుగులో ఎలా చెప్పాలా అని కూడబలుక్కున్నాను. వేడి చేశారు అందామంటే, మా ఇంట్లో వేడి చేయడమంటే మామిడిపళ్ళు ఎక్కువ తింటే వచ్చేది. గింజలకి అదేమిటని మళ్ళీ వదిలేశాను. 'వల్ల' అనే మాట తెలుసు. అమ్మ రోజూ అంటుంది, నీ వల్లే లేటయింది అని. అది కాదని చెప్పాలంటే 'కాదు' పెట్టాలి. నోట్‌బుక్కు వెనక ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకుని, దిగేదాకా వల్లె వేశాను.

అమ్మమ్మ బస్‌స్టాప్‌లో నిలబడి ఉంది. నా పుస్తకాల సంచీ అందుకోబోతుంటే ఆగమని, ఆవిడ ముందు నిటారుగా నిలబడి చెప్పాను.

"అమ్మమ్మా, ఆ గింజలు లేవవు. నీ వల్ల కాదు."

ఆవిడ చెయ్యి సగంలో ఆగింది. "ఏటన్నావు తల్లీ?"

"నీ వల్ల కాదు," అన్నాను మళ్ళీ, ఇంకా స్పష్టంగా, ప్రతి అక్షరం పలుకుతూ.

కాసేపు నా ముఖంలోకి చూసింది. తర్వాత మెల్లగా తల ఊపింది. "అవును తల్లీ. నా వల్ల కాదు."

అర్థమైంది ఆవిడకి అనుకున్నాను. గంతులు వేశాను. "ఎస్, నీ వల్ల కాదు, నీ వల్ల కాదు," అని పాటలా పాడుతూ ఆవిడ చెయ్యి పట్టుకుని ఇంటిదాకా లాక్కొచ్చాను. ఆవిడ నవ్వింది కూడా. ఆ సాయంత్రం నాకు పెసరట్లు వేసి పెట్టింది. ఆ రాత్రి హాయిగా నిద్రపోయాను.

అక్టోబరు చివర్లో అమ్మమ్మ వెళ్ళిపోయింది. మరుసటి ఏడు నాన్న కాంట్రాక్టు అయిపోయింది. పై ఇంటి ఆంటీ వాళ్ళు రెడ్‌మండ్ వెళ్ళారు, మేం ఇటు వచ్చాం, మిగతావాళ్ళు ఎక్కడెక్కడికో. ఆ కాంప్లెక్సు పడగొట్టి ఇంకేదో కట్టారు. అక్కడ ఏ వీధిలో నిలబడినా ఇప్పుడు మా ఇల్లు ఎక్కడుండేదో నేను చూపించలేను. నేను హైస్కూల్లో ఉండగా అమ్మమ్మ పోయింది. వీసా స్టాంపింగ్ గొడవల వల్ల అమ్మ ఒక్కతే వెళ్ళొచ్చింది. అప్పుడు బాగానే ఏడ్చాను గానీ, ఒక్క విషయంలో నా మనసు నిశ్చింతగా ఉండేది. ఆవిడకి చెప్పవలసింది చెప్పేశాను కదా అని.

ఉద్యోగంలో చేరిన కొత్తలో, గుంటూరు నుంచి వచ్చిన ఒకమ్మాయి నా పక్క సీట్లో ఉండేది. ఒక రోజు లాప్‌టాప్ మూసేసి, "ఈ రిలీజ్ నా వల్ల కాదు తల్లీ," అంది.

"మరి ఎవరి వల్ల?" అని అడిగాను.

ఆ అమ్మాయి పగలబడి నవ్వింది. "అబ్బా, అమెరికా తెలుగు. నా వల్ల కాదు అంటే నా చేత కాదు అని. ఐ కాంట్ డూ ఇట్."

నేను లేచి పార్కింగ్ లాటులోకి వెళ్ళి కారులో కూర్చున్నాను. తొమ్మిదేళ్ళ పిల్ల నిటారుగా నిలబడి, ఆ ముసలమ్మ ముఖం మీద, నీ చేత కాదు అని చెప్పింది. మళ్ళీ అడిగితే మళ్ళీ చెప్పింది. దారి పొడుగునా పాడింది. ఆ వారమే ఒక ఆన్‌లైన్ క్లాసులో చేరి అ ఆల దగ్గర మొదలుపెట్టాను.

ఇవన్నీ ఎవరికీ చెప్పలేదు, మొన్న ఆ సంచీ చేతికొచ్చేదాకా. ఆ రోజు మధ్యాహ్నం పిన్నికి ఫోన్ చేశాను. పిట్టల సంగతీ పక్కింటాయన సంగతీ ఏవో చెప్పి, చివరికి అడిగాను.

"అమ్మమ్మ ఇక్కడి నించి వెళ్ళాక ఎప్పుడైనా విత్తనం వేసిందా పిన్నీ?"

"ఎక్కడే?" అంది పిన్ని. "పెరట్లో బీరగింజ కూడా పెట్టలేదు. గింజలు గుప్పిట్లో పట్టుకుని గుమ్మంలో నిలబడి, ఎదురింటి కోడల్ని కేకేసి పెట్టించీది. ఎందుకే అమ్మా అంటే, నా వల్ల కాదే, మనవరాలే చెప్పీసింది, పసిపిల్ల నోట అబద్ధం రాదు, అనీది."

ఫోను రెండో చెవికి మార్చుకుని అడిగాను.

"నా మీద కోపం వచ్చిందా పిన్నీ ఆవిడకి?"

"నీ మీదా? పిచ్చిదానా. ఊరంతా చెప్పుకుంది. మా అమెరికా గుంట ఇంగ్లీషు ముక్క కలవకుండా నాతో తెలుగులో మాటాడింది, ఒక్క తప్పు కూడా లేదు, అనీది."